యూనివర్సిటీలో క్వాంటం, ఆప్టిక్స్ క్లబ్ నడపడం ఎలా: పోలరాయిడ్ ముక్క నుంచి అసలు క్వాంటం కంప్యూటర్ దాకా

తిరుపతిలో సైన్సు చదివే విద్యార్థికి చుట్టుపక్కల ఉన్నన్ని చదువుల చోట్లు చాలా ఊళ్లలో ఉండవు. 1954లో మొదలైన ఎస్వీ యూనివర్సిటీ, 1983లో వచ్చిన పద్మావతి మహిళా యూనివర్సిటీ ఊళ్లోనే ఉన్నాయి. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ రెండూ ఏర్పేడు వైపు ఉన్నాయి. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. వీటికి తోడు చంద్రగిరి నుంచి చిత్తూరు దాకా ఇంజనీరింగ్ కాలేజీలు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం రూ. 6,003.65 కోట్లతో నేషనల్ క్వాంటం మిషన్‌ను ఆమోదించాక, ఆ తర్వాత అమరావతి క్వాంటం వ్యాలీకి 156 క్యూబిట్ల (క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్ వాడే బిట్) ఐబీఎం యంత్రం వస్తుందని ప్రకటించాక, క్లబ్ పెడదామని పిల్లలే ముందుకొస్తున్నారు.

పెట్టడం సులువే. రెండో మిడ్ పరీక్షలు దాటాక కూడా అది బతికుండాలంటేనే కష్టం. చాలా క్లబ్బులు పెద్ద గెస్ట్ లెక్చర్‌తో మొదలవుతాయి. హాలు నిండుతుంది, ఫొటోలు దిగుతారు, సర్టిఫికెట్లు పంచుతారు. వచ్చే వారం ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే: క్వాంటం క్లబ్‌ను ల్యాప్‌టాప్‌తో కాదు, కాంతితో మొదలుపెట్టాలి. పోలరాయిడ్ షీటును (కాంతి కంపనాన్ని ఒకే దిశకు తెచ్చే పలుచటి ప్లాస్టిక్ రేకును) వేళ్లతో తిప్పుతూ వెలుతురు తగ్గడం చూసిన పిల్లకు క్యూబిట్ అంటే ఏమిటో సగం అర్థమైపోయినట్టే. కోడ్ తర్వాత రావచ్చు. ఈ మార్గదర్శి అంతా ఆ వరుసలోనే ఉంటుంది.

మొదటి అడుగు: మనుషులు, గది, వేళ

మొదట్లో ఎనిమిది, పది మంది చాలు. అందులో ఫిజిక్స్ వాళ్లు, కంప్యూటర్ సైన్స్ వాళ్లు, ఈసీఈ వాళ్లు కలిసి ఉండేలా చూడండి. ఒకే బ్రాంచి అయితే క్లబ్ అంతా ఒకవైపు ఒరిగిపోతుంది. ఫిజిక్స్ వాళ్లకు కోడ్ అంటే భయం, సీఎస్ఈ వాళ్లకు ల్యాబ్ పరికరాలంటే మొహమాటం. పక్కపక్కన కూర్చోబెడితే రెండూ పోతాయి.

ఫ్యాకల్టీ అడ్వైజర్‌గా పెద్ద హోదా ఉన్నవారి కంటే వారానికి ఒక గంట నిజంగా కేటాయించగలవారిని అడగండి. ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆ ల్యాబ్ అసిస్టెంట్‌తో కూడా మొదటి రోజే మాట్లాడండి. సగం పనులు ఆయన మాట సాయంతోనే జరుగుతాయి.

వేళ విషయంలో తొందరపడి నిర్ణయం తీసుకోకండి. చీకటి కావాలి కదా అని రాత్రి ఎనిమిదింటికి సెషన్ పెడితే లేడీస్ హాస్టల్ నుంచి ఒక్కరూ రాలేరు. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి బస్సులకు పోవాల్సిన డే స్కాలర్లూ రారు. క్లాసులు అయిపోయిన వెంటనే గంటన్నర పెట్టుకోండి. కిటికీలకు నల్ల చార్టు అతికిస్తే పట్టపగలు కూడా మన ప్రయోగాలకు సరిపోయే చీకటి దొరుకుతుంది.

రెండో అడుగు: పెట్టె నింపడం

అట్టపెట్టె ఒకటి తీసుకుని ఇవి వేయండి: పోలరాయిడ్ షీట్లు (ఎ4 సైజుది ఒకటి తెచ్చి కత్తిరించుకోవచ్చు), రెండు ఎర్ర లేజర్ పాయింటర్లు, ఎల్ఈడీ టార్చి, పాత సీడీలు, డీవీడీలు, కోణమానిని, టేపు, నల్ల చార్టు, బట్టల క్లిప్పులు, కొంచెం సన్నటి రాగి తీగ. షీట్లు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయల్లో వస్తాయి. ఎలక్ట్రానిక్స్ సామాను ఎక్కువగా కావాలంటే ఎవరైనా ఇద్దరు పొద్దున చెన్నై రైలెక్కి రిచీ స్ట్రీట్‌కు పోయి రాత్రికి తిరిగి రావచ్చు. మొదటి ఏడాది సభ్యుల దగ్గర ఫీజు వసూలు చేయకండి. డబ్బు కట్టినవాడు సర్టిఫికెట్ అడుగుతాడు, ఊరికే వచ్చినవాడు ప్రయోగం అడుగుతాడు.

లేజర్ గురించి మాత్రం కఠినంగా ఉండాలి. 1 మిల్లీవాట్ లోపు ఉండే క్లాస్ 2 లేజర్‌తోనే పని చేయండి. ఏ పరిస్థితిలోనూ 5 మిల్లీవాట్లు దాటొద్దు. చవకగా దొరికే పచ్చ లేజర్లు అసలే కొనొద్దు. వాటిలో చాలావాటికి లేబుల్ మీద రాసిన శక్తికీ, బయటికొచ్చే శక్తికీ పొంతన ఉండదు. పైగా కంటికి కనిపించని పరారుణ కిరణాలు కూడా వాటిలోంచి వస్తాయి. లేజర్‌ను టేబుల్‌కు బిగించి, కిరణం కూర్చున్నవారి కళ్ల ఎత్తులో పోకుండా చూడాలి. ఉంగరాలు, వాచీలు తీసి పక్కన పెట్టించండి, వాటి మీద పడి కిరణం ఎటు తిరుగుతుందో చెప్పలేం. కింద పడిన వస్తువును తీసుకునే ముందు లేజర్ ఆపాలి. గదిని మరీ చీకటి చేయకుండా కొంచెం వెలుతురు ఉంచితే కంటిపాప చిన్నదిగా ఉంటుంది, అది కూడా ఒక రక్షణే. ఆరుబయట ఆకాశం వైపు, రోడ్డు వైపు అసలు వేయొద్దు. రేణిగుంటలో దిగే విమానాలు మన నెత్తిన తక్కువ ఎత్తులోనే పోతుంటాయి. లేజర్లు ఫ్యాకల్టీ బీరువాలో ఉండాలి, ఎవరి జేబులోనూ కాదు.

మూడో అడుగు: మొదటి నెలంతా కాంతి

మొదటి సెషన్‌లో ప్రసంగం వద్దు. వచ్చిన ప్రతివారినీ తల వెంట్రుక ఒకటి తీయమనండి. దాన్ని లేజర్ ముందు టేపుతో నిలువుగా అంటించి, రెండు మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద పడే వెలుగు చారను చూడమనండి. మధ్యలో పెద్ద వెలుగు, ఇరువైపులా చీకటి గుర్తులు వరుసగా కనిపిస్తాయి. ఒక పక్కనున్న రెండు చీకటి గుర్తుల మధ్య దూరం కొలవాలి. లేజర్ తరంగదైర్ఘ్యాన్ని గోడ దూరంతో గుణించి, కొలిచిన దూరంతో భాగిస్తే వెంట్రుక మందం వస్తుంది. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్‌తో, రెండు మీటర్ల దూరంలో, గుర్తుల మధ్య 18.5 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, వెంట్రుక మందం 70 మైక్రాన్లు. స్కేలుతో కొలవలేనిదాన్ని గోడ మీద కొలిచామన్న ఆనందం ఆ పిల్లల ముఖాల్లో చూడాల్సిందే. ఎవరి వెంట్రుక మందమో అని పోటీ కూడా మొదలవుతుంది, మొదలవనివ్వండి.

రెండో వారం సీడీ, డీవీడీ. వాటి గీతల మధ్య దూరం సీడీలో 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74 మైక్రాన్లు. ఎర్ర లేజర్‌ను నిటారుగా వేస్తే మొదటి చుక్క సీడీకి దాదాపు 24 డిగ్రీల దగ్గర, డీవీడీకి దాదాపు 61 డిగ్రీల దగ్గర పడుతుంది. ముందు కోణం కొలిపించి, గీతల దూరం వాళ్ల చేతే లెక్క కట్టించండి. ముందే జవాబు చెప్పకండి. “అన్నా, ఇది ఇంటర్‌లోనే చదివాం కదా” అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, వ్యతికరణం (కాంతి తరంగాలు కలిసి చారలు కట్టడం), వివర్తనం (అంచుల దగ్గర కాంతి వంగడం), ధ్రువణం (కాంతి ఒకే దిశలో కంపించడం) అన్నీ ఇంటర్‌లో ఉన్నవే. చదివారు, బిట్లు పెట్టారు, చూడలేదు.

మూడో వారం నుంచి పోలరాయిడ్. ఇక్కడ నిదానంగా వెళ్లండి, క్లబ్ మొత్తానికి పునాది ఇదే. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకదాన్ని 90 డిగ్రీలు తిప్పితే వెలుగు పోతుంది. ఇప్పుడు ఆ రెండింటి మధ్యలో మూడో ముక్కను 45 డిగ్రీల వాలుగా దూర్చండి. వెలుగు మళ్లీ వస్తుంది! మొదటి ముక్క దాటి వచ్చిన కాంతిలో, షీట్లు మంచివైతే, నాలుగో వంతు బయటికొస్తుంది. పోలరాయిడ్ జల్లెడ లాంటిదే అయితే మరో జల్లెడ అడ్డం పెట్టినప్పుడు పిండి ఇంకా తగ్గాలి కానీ పెరగకూడదు. అంటే పోలరాయిడ్ కాంతిని కేవలం వడకట్టడం లేదు, దాటి వచ్చిన కాంతికి కొత్త దిశను ఇస్తోంది. కొలవడం వల్లే స్థితి మారిపోవడం అన్న క్వాంటం సంగతికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు. ఆ రోజు సెషన్ అక్కడితో ఆపేసి పిల్లల్ని ఆలోచించుకోనివ్వండి.

ఇదే ధ్రువణంతో మనవాళ్లకు సంబంధం ఉందని కూడా చెప్పండి. కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం, సీవీ రామన్‌తో కలిసి, చెదిరిన కాంతి ధ్రువణాన్ని పరిశీలించి ఫోటాన్‌కు, అంటే కాంతి కణానికి, స్పిన్ (తన చుట్టూ తాను తిరుగుతున్నట్టు ఉండే గుణం) ఉందని 1931లో ప్రచురించారు. ఇలాంటి పని మన తెలుగాయన చేశాడని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

నాలుగో అడుగు: ఒకే గ్రాఫు రెండుసార్లు

క్లబ్ కాలెండర్‌లో ఒక్క సెషనే ఉంచమంటే నేను దీన్నే ఉంచుతాను.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకోండి. అది జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయంలో తయారైంది, ఫోన్‌లోని సెన్సర్లను ల్యాబ్ పరికరాలుగా వాడుకోనిస్తుంది. ఐఫోన్లలో దీనికి కాంతి సెన్సర్ అందదు, కాబట్టి ఆండ్రాయిడ్ ఫోనే తీసుకోండి. సెన్సర్ సాధారణంగా ముందు కెమెరా పక్కన ఉంటుంది. ఫోన్‌ను టేబుల్ మీద పెట్టి, దాని పైన టార్చిని క్లిప్పుతో కదలకుండా బిగించండి. టార్చి మూతికి ఒక పోలరాయిడ్ ముక్క, సెన్సర్ మీద ఇంకో ముక్క. పై ముక్క పక్కన కోణమానిని అంటించండి.

ముందు టార్చి ఆపి గదిలోని వెలుతురును లక్సుల్లో రాసుకోవాలి. తర్వాత టార్చి వేసి, సున్నా నుంచి 90 డిగ్రీల దాకా పదేసి డిగ్రీలు తిప్పుతూ ప్రతిచోటా రీడింగ్ రాయాలి. అన్నింటిలోంచీ గది వెలుతురు తీసేసి, సున్నా దగ్గరి విలువతో భాగిస్తే 30 డిగ్రీల దగ్గర 75 శాతం, 45 దగ్గర 50, 60 దగ్గర 25 శాతానికి దగ్గరగా రావాలి. అదే మలూస్ నియమం: దాటే కాంతి, తిప్పిన కోణపు కోసైన్ వర్గాన్ని బట్టి తగ్గుతుంది. చవక షీటు అయితే 90 దగ్గర పూర్తిగా సున్నా రాదు, కొంచెం కారుతుంది. దాన్ని దాచకుండా గ్రాఫులో అలాగే చూపించమనండి.

ఆ వెంటనే ల్యాప్‌టాప్ తెరవండి. కిస్కిట్ (క్వాంటం ప్రోగ్రాములు రాసే ఐబీఎం సాఫ్ట్‌వేర్) సిమ్యులేటర్‌లో ఒకే ఒక్క క్యూబిట్ తీసుకుని, దాని మీద ఆర్‌వై అనే తిప్పే గేటు (క్యూబిట్ స్థితిని మార్చే చర్య) పెట్టి కొలవాలి. పోలరాయిడ్ తిప్పిన కోణానికి రెట్టింపు కోణం ఇక్కడ ఇవ్వాలి: అక్కడ 45 అయితే ఇక్కడ 90, అక్కడ 30 అయితే ఇక్కడ 60. ప్రతి కోణానికీ వెయ్యిసార్లు నడిపి, సున్నా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. రెండు గ్రాఫులూ ఒకే కాగితం మీద గీస్తే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. టార్చి వెలుగులో ‘భాగం’ అయినది క్యూబిట్ దగ్గర ‘అవకాశం’ అయింది, అంతే తేడా. రెట్టింపు కోణం ఎందుకు అని తప్పకుండా అడుగుతారు. అడ్డం, నిలువు అనే పూర్తిగా వేరు స్థితులు పోలరాయిడ్‌లో 90 డిగ్రీల ఎడంలో ఉంటాయి, క్యూబిట్‌ను గీసే గోళం మీద ఎదురెదురుగా, అంటే 180 డిగ్రీల ఎడంలో ఉంటాయి. ఈ ఒక్క జవాబు బోర్డు మీద బొమ్మ వేసి చెప్తే బ్లాక్ (Bloch) గోళం అని పిలిచే ఈ గోళం అంటే ఉన్న టెన్షన్ పోతుంది.

ఐదో అడుగు: బీబీ84 ఆట

1984 డిసెంబరులో బెంగళూరులో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సులో చార్లెస్ బెనెట్, జిల్ బ్రసార్డ్ ఒక పద్ధతిని ప్రకటించారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలు, ఆ ఏడాది కలిపితే బీబీ84. రహస్య తాళాన్ని (సందేశాన్ని దాచడానికి, విప్పడానికి వాడే బిట్ల వరుసను) కాంతి కణాల ద్వారా పంపితే, మధ్యలో ఎవరైనా దొంగచాటుగా చూస్తే పట్టుబడిపోతారు. క్వాంటం క్రిప్టోగ్రఫీకి అది నాంది. మనకు రాత్రి బస్సు దూరంలో ఉన్న ఊళ్లో జరిగిన సంగతి ఇది. దీన్ని పేపరు చదివి వినిపించకుండా ఆట ఆడించండి.

పంపేవారు ఒకరు, అందుకునేవారు ఒకరు, మధ్యలో అట్ట తెర. తెరకు చిన్న రంధ్రం. పంపేవారి దగ్గర ఎల్ఈడీ టార్చి, పోలరాయిడ్. ఇక్కడ లేజర్ వాడొద్దు, లేజర్ పాయింటర్ కాంతి ముందే ఒక దిశలో ధ్రువణమై ఉంటుంది కాబట్టి పోలరాయిడ్ తిప్పితే వెలుగే మారిపోతుంది. పంపేవారు ప్రతిసారీ రెండు బొమ్మా బొరుసులు వేస్తారు. మొదటిది బిట్‌ను, రెండోది పద్ధతిని తేలుస్తుంది. నేరు పద్ధతిలో సున్నాకు నిలువు, ఒకటికి అడ్డం. వాలు పద్ధతిలో సున్నాకు 45 డిగ్రీలు, ఒకటికి 135.

అందుకునేవారు కూడా బొమ్మా బొరుసు వేసి తన పోలరాయిడ్‌ను నిలువుగా పెట్టాలా, 45 దగ్గర పెట్టాలా తేల్చుకుంటారు. వెలుగు నిండుగా కనిపిస్తే సున్నా రాస్తారు. చీకటిగా ఉంటే ఒకటి రాస్తారు. సగం వెలుగుగా ఉంటే పద్ధతులు కలవలేదని అర్థం. నిజమైన ఒంటరి ఫోటాన్ సగం వెలుగుగా కనిపించదు, దాటుతుంది లేదా దాటదు. అందుకే అక్కడ మళ్లీ నాణెం వేసి సున్నానో ఒకటో రాయాలి. ఈ నాణెం ఫోటాన్ తరఫున వేస్తున్నదని పిల్లలకు స్పష్టంగా చెప్పండి. ఇక్కడి తేడా మొత్తం అందులోనే ఉంది. నిండు వెలుగుకూ సగం వెలుగుకూ తేడా తెలియకపోతే ఫోన్ సెన్సర్ వాడండి.

నలభై సార్లు పంపాక ఇద్దరూ గట్టిగా పద్ధతులు మాత్రం చదువుకోవాలి, బిట్లు చెప్పకూడదు. కలవనివి కొట్టేస్తే ఇరవై దాకా మిగులుతాయి. అవి ఇద్దరి దగ్గరా ఒకేలా ఉండాలి. అదే తాళం.

ఇప్పుడు మూడో వ్యక్తిని మధ్యలో కూర్చోబెట్టండి. ఆయన తన పోలరాయిడ్‌తో చూసి, తనకు వచ్చినదాన్ని తన టార్చితో ముందుకు పంపుతాడు. పద్ధతి ఏదో తెలియదు కాబట్టి సగంసార్లు తప్పు పద్ధతిలో చూస్తాడు. ఈసారి మిగిలిన ఇరవైలో సుమారు ఐదు తేడా వస్తాయి. పది బిట్లు బయటపెట్టి పోల్చుకుంటే, దొంగ ఒక్క తేడా కూడా లేకుండా తప్పించుకునే అవకాశం ఆరు శాతం లోపే. ఇరవై పోలిస్తే అర శాతం కూడా ఉండదు. ఈ లెక్క బోర్డు మీద పిల్లల చేతే వేయించండి. ఆ దొంగ పాత్రకు మాత్రం ఎప్పుడూ పోటీ ఉంటుంది, వంతులు పెట్టుకోండి.

ఆరో అడుగు: సర్క్యూట్లు, సిమ్యులేటర్, అసలు యంత్రం

ఇక్కడికి వచ్చేసరికి సీఎస్ఈ వాళ్లు తహతహలాడుతుంటారు. మొదటి రోజు ఇన్‌స్టాలేషన్ జోలికి పోకండి. బ్రౌజర్‌లో నడిచే క్విర్క్ అనే సిమ్యులేటర్‌లో గేట్లను మౌస్‌తో లాగి పెట్టి ఆడుకోనివ్వండి. ఫలితం అప్పటికప్పుడు కనిపిస్తుంది. ఆ తర్వాత కిస్కిట్.

పాత యూట్యూబ్ వీడియోలు చూసి టైపు చేసిన కోడ్ ఎర్రర్లు ఇస్తుంది, పిల్లలు తమకే రాదనుకుని నీరుగారిపోతారు. తప్పు వాళ్లది కాదు. 2024 ఫిబ్రవరిలో కిస్కిట్ 1.0 వచ్చినప్పుడు ఎగ్జిక్యూట్ వంటి పాత పద్ధతుల్ని తీసేశారు. అధికారిక డాక్యుమెంటేషన్ మాత్రమే చూడండి, ఏ వెర్షన్‌లో పని చేశారో నోటుబుక్కులో రాయండి. సిమ్యులేటర్ ఏర్ అనే విడి ప్యాకేజీగా వస్తుంది, దాన్నీ వేసుకోవాలి.

మొదటి సర్క్యూట్: మూడు క్యూబిట్లు తీసుకుని, సున్నా నంబరు క్యూబిట్ మీద మాత్రమే ఎక్స్ గేటు (సున్నాను ఒకటిగా మార్చేది) పెట్టి కొలవండి. ఫలితం 100 అని కాక 001 అని వస్తుంది. కిస్కిట్ సున్నా నంబరు క్యూబిట్‌ను కుడివైపు చివర రాస్తుంది. ఇది ముందే చూపించకపోతే తర్వాత ప్రతి ఆల్గారిథమ్‌లోనూ తలనొప్పే.

రెండోది బెల్ స్థితి, అంటే రెండు క్యూబిట్ల ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే స్థితి. ఒక క్యూబిట్‌పై హెచ్ గేటు (సున్నా, ఒకటి రెండింటికీ సమాన అవకాశం ఇచ్చేది), ఆ తర్వాత రెండింటి మధ్య సీనాట్ గేటు (మొదటిది ఒకటైతే రెండోదాన్ని తిరగేసేది). వెయ్యిసార్లు నడిపితే 00, 11 మాత్రమే వస్తాయి, చెరో ఐదు వందలు, అటూ ఇటూగా. కచ్చితంగా 500 రాలేదేంటి అని అడిగితే వెయ్యిసార్లు నాణెం వేసినా 16 అటూ ఇటూ ఊగడం మామూలేనని లెక్క వేసి చూపించండి. 2022లో ఆస్పె, క్లౌజర్, త్సైలింగర్‌లకు నోబెల్ వచ్చింది ఇలాంటి జతల మీద చేసిన ప్రయోగాలకే, అవీ ఫోటాన్లతో చేసినవే. ఆసక్తి ఉన్నవాళ్లు సీహెచ్ఎస్‌హెచ్ పరీక్షను (జతలోని రెండింటి ఫలితాలు ఎంత ముడిపడి ఉన్నాయో కొలిచేదాన్ని) సిమ్యులేటర్‌లో చేసి, మామూలు లెక్క ప్రకారం 2 దాటకూడని విలువ 2.83 దాకా పోవడం చూడొచ్చు. మూడోది, నాలుగు వస్తువుల్లో ఒకదాన్ని వెతికే గ్రోవర్ ఆల్గారిథమ్. రెండు క్యూబిట్లు, ఒకే ఒక్క విడత, సిమ్యులేటర్‌లో వంద శాతం జవాబు. డాయిచ్-జోజా అనే ఇంకో ఆల్గారిథమ్‌ను తర్వాత చూసుకోవచ్చు.

సిమ్యులేటర్ హద్దు కూడా తెలియాలి. స్థితి మొత్తాన్ని దాచుకోవాలంటే 25 క్యూబిట్లకు 512 ఎంబీ, 28కి 4 జీబీ, 30కి 16 జీబీ మెమరీ కావాలి. ఒక్కో క్యూబిట్‌కు రెట్టింపు అవుతూ పోతుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో 30 క్యూబిట్లు ఎందుకు నడవవో పిల్లలే లెక్కగట్టాక, అసలు యంత్రం ఎందుకు కావాలో వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఐబీఎం 2016 మే నుంచి క్లౌడ్‌లో యంత్రాన్ని అందరికీ అందుబాటులో పెట్టింది. ఉచిత ఖాతాకు 28 రోజులకు 10 నిమిషాల యంత్ర సమయం ఇచ్చే పద్ధతి నడిచింది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఖాతా తెరిచే రోజు చూసుకోండి. అందుకే ముందు సిమ్యులేటర్‌లో సరిచూసుకున్న సర్క్యూట్‌నే పంపండి. బెల్ సర్క్యూట్‌ను అసలు యంత్రం మీద నడిపితే 00, 11తో పాటు కొన్ని 01, 10 కూడా వస్తాయి. అవి మీ పొరపాటు కాదు, యంత్రంలోని నాయిస్, అంటే దానికదే వచ్చే చిన్న తప్పులు. ఆ శాతాన్ని బోర్డు మీద రాసి, వచ్చే నెల మళ్లీ నడిపి పోల్చండి. 2025 ఫిజిక్స్ నోబెల్ పొందిన క్లార్క్, డెవొరె, మార్టినిస్‌ల పని ఐబీఎం యంత్రాల్లోని ఈ సూపర్‌కండక్టింగ్ (నిరోధం లేకుండా కరెంటు పారే) సర్క్యూట్లకు మూలం. ఆ సంగతి ఇక్కడ చెబితే గుర్తుంటుంది.

ఏడో అడుగు: రెండో సెమిస్టర్‌కు పెద్ద ప్రయోగాలు

క్వాంటం ఇరేజర్ నమూనా, అంటే కాంతి ఏ పక్క నుంచి వచ్చిందన్న గుర్తును చెరిపేస్తే చారలు తిరిగి రావడం. సన్నటి రాగి తీగను లేజర్ కిరణం మధ్యలో నిలబెడితే, తీగ రెండు పక్కల నుంచీ పోయిన కాంతి కలిసి గోడ మీద చారలు గీస్తుంది. తీగకు వెనక ఎడమవైపు నిలువు పోలరాయిడ్, కుడివైపు అడ్డ పోలరాయిడ్ పెట్టండి. రెండింటి అతుకు సరిగ్గా తీగ వెనకే ఉండాలి. లేజర్‌ను దాని చుట్టూ అదే తిప్పుతూ రెండు వైపులా సమానంగా వెలుగు వచ్చేలా చూసుకోండి. మధ్యలోని సన్నటి చారలు మాయమవుతాయి. ఇప్పుడు గోడకు ముందు ఇంకో పోలరాయిడ్‌ను 45 డిగ్రీల వాలుగా పట్టుకుంటే చారలు తిరిగి వస్తాయి. 135కు తిప్పితే వెలుగున్న చోట చీకటి, చీకటి ఉన్న చోట వెలుగు వస్తుంది.

ఇక్కడ నిజాయితీ ముఖ్యం. లేజర్ పాయింటర్‌తో చూస్తున్నదంతా తరంగాల లెక్కతోనే పూర్తిగా వివరించవచ్చు. దీన్ని క్వాంటం అనాలంటే ఫోటాన్లను ఒక్కొక్కటిగా పంపి, ఒక్కొక్కటిగా పట్టే డిటెక్టర్లు కావాలి, అవి మన పెట్టెలో లేవు. పోస్టర్ మీద ‘క్వాంటం ప్రయోగం’ అని పెద్దగా రాయకుండా ‘నమూనా’ అని రాయండి. ఏది చూశామో, ఏది చూడలేదో వేరు చేసి చెప్పగలగడం ఈ క్లబ్‌లో నేర్వదగ్గ పెద్ద చదువు.

మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్‌కు (కాంతిని రెండు దారుల్లో పంపి మళ్లీ కలిపి చారలు చూసే పరికరానికి) ఒక కడప బండ, రెండు స్కూటర్ ట్యూబులు కావాలి. సగం గాలి కొట్టిన ట్యూబుల మీద బండ పెడితే రోడ్డు మీద లారీ పోయినా అదురు తగ్గుతుంది. బీమ్ స్ప్లిటర్ (కిరణాన్ని రెండుగా చీల్చేది), ముందు వైపు పూత ఉన్న అద్దాలు ఫిజిక్స్ ల్యాబ్‌లో అడిగి తీసుకోండి, మామూలు అద్దం వెనక పూత వల్ల రెండు ప్రతిబింబాలు వస్తాయి. హీలియం-నియాన్ లేజర్ ఉంటే ఇంకా మేలు. పరికరపు రెండు చేతుల (కాంతి పోయే రెండు దారుల) పొడవూ దాదాపు సమానంగా పెట్టండి. ఫ్యాన్లు ఆపేయండి. చారలు కుదురుకున్నాక, పరికరంలోని ఒక దారి కింద అరచేయి చాపి ఊరికే ఉంచమనండి, తాకనక్కర్లేదు. అరచేతి వేడికి గాలి కదిలి చారలు జరుగుతాయి. హీలియం-నియాన్ కాంతికి అద్దం 316 నానోమీటర్లు కదిలితే ఒక చార దాటుతుంది. అమెరికాలోని లైగో ప్రయోగశాలలో నాలుగేసి కిలోమీటర్ల చేతులతో గురుత్వ తరంగాల్ని పట్టింది ఈ అమరికతోనే, మన దేశంలో అలాంటిది మహారాష్ట్రలోని హింగోలిలో కట్టబోతున్నారు.

ఎనిమిదో అడుగు: బయటి లోకంతో

గాదంకి సందర్శన తప్పక పెట్టుకోండి. అక్కడి లైడార్ 532 నానోమీటర్ల పచ్చ లేజర్‌ను ఆకాశంలోకి పంపి, వెనక్కి వచ్చిన కాంతిని చదువుతుంది. నీటి చుక్కల మీద పడి వచ్చిన కాంతి ధ్రువణం దాదాపు అలాగే ఉంటుంది, మంచు స్ఫటికాల మీద పడి వస్తే మారుతుంది. పైన ఎక్కడో ఉన్న మేఘం నీరో మంచో ఇక్కడి నుంచే తెలుసుకోవచ్చన్నమాట. పోలరాయిడ్‌తో నెల రోజులు గడిపిన పిల్లలు ఈ మాట వింటే వెంటనే పట్టేస్తారు. ప్రభుత్వ ప్రయోగశాల కాబట్టి హెచ్‌వోడీ సంతకంతో లేఖ, పేర్ల జాబితా, తేదీలు ముందుగానే పంపాలి. ఏర్పేడు వైపు పీహెచ్‌డీ చేసే అన్నలను, అక్కలను పిలవడం ఇంకా సులువు. వాళ్లను ప్రసంగం చేయమనకండి, మీ ఇంటర్‌ఫెరోమీటర్ ముందు కూర్చోబెట్టి ఎక్కడ తప్పుతున్నామో చూడమనండి.

ఆప్టికా (2021 దాకా ఓఎస్ఏ), ఎస్‌పీఐఈ అనే అంతర్జాతీయ ఆప్టిక్స్ సంఘాలు యూనివర్సిటీల్లో విద్యార్థి చాప్టర్లను గుర్తిస్తాయి. గుర్తింపు వస్తే చిన్న గ్రాంట్లు, వక్తల రాకపోకలకు సాయం దొరుకుతాయి. ఒక ఏడాది పని చేసిన నోటుబుక్కు చేతిలో ఉన్నాకే దరఖాస్తు పెట్టండి.

కాలెండర్ విషయానికొస్తే, కిస్కిట్ ఫాల్ ఫెస్ట్ అక్టోబరు, నవంబరుల్లో విద్యార్థులే నడుపుకునే కార్యక్రమం. అది బ్రహ్మోత్సవాల రద్దీతో కలవకుండా తేదీ పెట్టుకోండి, బయటి ఊళ్ల నుంచి వచ్చేవారికి బస్సూ గదీ దొరకవు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం, ఏప్రిల్ 14 ప్రపంచ క్వాంటం దినోత్సవం. మే 16 అంతర్జాతీయ కాంతి దినోత్సవం సెలవుల్లో వస్తుంది, దాన్ని వదిలేయండి.

ఫిబ్రవరి 28కి మాత్రం క్యాంపస్‌లో స్టాల్ పెట్టడం కంటే దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లండి. అగరొత్తుల అట్టపెట్టె, డీవీడీ ముక్క చాలు. పెట్టెకు ఒక చివర నల్ల కాగితంతో సన్నటి చీలిక, రెండో చివర వాలుగా డీవీడీ ముక్క, దాని పైన చూడ్డానికి కన్నం. ట్యూబులైటు వైపు తిప్పితే పచ్చగీత, నీలిగీత విడివిడిగా కనిపిస్తాయి. ఆ పచ్చగీత పాదరసానిది, 546 నానోమీటర్లు. ఎల్ఈడీ బల్బు వైపు తిప్పితే గీతలు పోయి రంగులన్నీ కలిసిపోతాయి. సూర్యుడి వైపు చూడకూడదని ముందే గట్టిగా చెప్పండి. పెట్టెలు వాళ్ల చేతే చేయించి వాళ్లకే ఇచ్చి రండి. చెప్పేదంతా తెలుగులోనే చెప్పండి.

తొమ్మిదో అడుగు: నోటుబుక్కు, అప్పగింతలు

గీతల లాంగ్ బుక్ ఒకటి పెట్టి ప్రతి సెషన్ దానిలో రాయాలి: తేదీ, ఎవరెవరు, దూరాలు, కోణాలు, రీడింగులు, ఏది పని చేయలేదు. పని చేయనిదే ఎక్కువ వివరంగా రాయాలి, వచ్చే ఏడాది వాళ్లకు పనికొచ్చేది అదే. వాట్సాప్‌లో పడేసిన ఫొటో ఫోన్‌తో పాటే పోతుంది.

ఫైనలియర్‌కు వచ్చేసరికి ప్లేస్‌మెంట్ల హడావుడిలో సీనియర్లు మాయమవుతారు, వాళ్లను తప్పుపట్టలేం. కాబట్టి బాధ్యతలు మూడో ఏడాది వాళ్ల దగ్గర ఉంచి, రెండో సెమిస్టర్ సగంలోనే రెండో ఏడాది వాళ్లకు అప్పగించండి. మిగిలిన రెండు నెలలూ కొత్తవాళ్లు నడపాలి, పాతవాళ్లు వెనక బెంచీలో కూర్చుని అడిగినప్పుడు మాత్రమే చెప్పాలి. అప్పగించే రోజు పెట్టె తెరిచి వస్తువులు లెక్కబెట్టించండి, గీతలు పడిన పోలరాయిడ్లు తీసేయండి, లేజర్ బ్యాటరీలు బయటికి తీసి విడిగా పెట్టండి. క్లబ్ మెయిల్, క్వాంటం ఖాతా, కోడ్ దాచిన చోటు ఇవన్నీ ఏ ఒక్కరి సొంత నంబరుకూ ముడిపడి ఉండకూడదు. కొత్త లీడ్ తన ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయ్యి, బెల్ సర్క్యూట్ ఒకసారి నడిపి, ఫలితాన్ని లాంగ్ బుక్‌లో రాసి సంతకం పెట్టాక పాత పాస్‌వర్డులు మార్చేయండి.